తొందరపడిన పంటు

"ఏంటండీ ఇది! పంటు విమానంలా పోతోంది!"

మూడో నంబరు కంప్యూటర్ దగ్గర మూగిన పిల్లలు గొల్లున నవ్వారు.

ఉదయభాస్కర్‌కి మాత్రం నవ్వు రాలేదు. రామచంద్రపురం బస్టాండుకి ఎదురుగా ఉన్న ఆ కంప్యూటర్ సెంటరు అతనిదే. పొద్దున పాఠాలు, సాయంత్రం ఆటలు. ముందురోజే మూడో నంబరుకి పాత ప్రాసెసర్ తీయించి కొత్తది వేయించాడు. మిగతా ఆటలన్నీ జోరందుకున్నాయి. పంటు ఆటకి మాత్రం దెయ్యం పట్టినట్టయింది.

ఎవరు రాశారో ఎవరికీ తెలియని ఆట అది. ఫ్లాపీల్లో చేతులు మారుతూ ఊరంతా తిరిగింది. కోటిపల్లి రేవులో జనాన్ని పంటు అనే పెద్ద పడవ మీద ఎక్కించుకుని, ఇసుక మేటలు తప్పించుకుంటూ గోదావరి దాటి, ముక్తేశ్వరం రేవులో దింపాలి. వాళ్లు దిగాక తెర కింద ఏవో అక్షరాలు పడేవి. వాటినెవరూ చదివేవారు కాదు. పాయింట్లు ఎన్నొచ్చాయా అనే చూసేవారు.

ఇప్పుడు జనం ఎక్కారో లేదో, పంటు అవతలి గట్టున ఉంటోంది.

సాయంత్రం నాలుగింటికి ఆయన వచ్చాడు.

నెల రోజులుగా రోజూ అదే వేళకి వస్తున్నాడు. అరవై దాటి ఉంటాయి. మొదటిరోజు అడిగితే పేరు రాజరత్నం అని చెప్పాడు, అంతే. రోజూ మూడో నంబరే కావాలి. రోజూ పంటు ఆటే. ఒకసారి గోదావరి దాటించి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. తర్వాత మళ్లీ మొదటినుంచి. రెండో ట్రిప్పుకి ఎప్పుడూ వెళ్లలేదు. లేచేటప్పుడు "వెళ్లొస్తానండి" అని చెప్పి వెళ్లేవాడు.

ఆట రాదు, పొద్దుపోక వస్తున్నాడు అనుకున్నాడు ఉదయభాస్కర్.

పంటు రివ్వున దూసుకుపోగానే రాజరత్నం ఉలిక్కిపడ్డాడు. మళ్లీ ఆడాడు. మళ్లీ ఆడాడు. నాలుగోసారికి లేచి వచ్చాడు.

"పాతదే పెట్టేయకూడదాండీ?"

"ఏంటండీ పాతది?"

"ప్రాసెసరండి. ఈ తొందర నాకొద్దండి."

"అందరూ స్పీడు కావాలంటారు. మీరొక్కరే నెమ్మది కావాలంటున్నారు!"

పిల్లలు మళ్లీ నవ్వారు.

"అది కాదండీ. ఆట లోపల ఒకచోట అంకెలు లెక్కపెట్టుకుంటూ ఆగుతుందండి. కొత్తది చకచకా లెక్కపెట్టేస్తోంది. ఆ అంకె కాస్త పెంచితే..."

"ఆరేళ్లుగా కంప్యూటర్ పాఠాలు చెబుతున్నానండి నేను."

రాజరత్నం వెళ్లి మళ్లీ మూడో నంబరు ముందు కూర్చున్నాడు.

మర్నాడు ఉదయభాస్కర్ మెమరీ చిప్పులు తీసి రబ్బరుతో తుడిచి మళ్లీ పెట్టాడు. డిస్‌ప్లే కార్డు మార్చాడు. ఆట చెరిపి మళ్లీ ఎక్కించాడు. కాకినాడ నుంచి మెకానిక్ బుల్లిరాజుని పిలిపించాడు. అతను అంతా విప్పి, బిగించి, పెదవి విరిచాడు.

"మెషిన్ బ్రహ్మాండంగా ఉందండి. ఆటే పాతది. తీసి పారేయండి."

"పారేయకండి బాబూ!"

ఆ గొంతు రాజరత్నానిదేనా అని అందరూ గుమ్మంవైపు తిరిగి చూశారు. ఆయన సిగ్గుపడి తల దించుకున్నాడు.

తర్వాత వారం రోజులూ వచ్చాడు. తెరకి ముక్కు ఆనించినంత దగ్గరగా వంగి, కళ్లు చికిలించి చూసేవాడు. పంటు అలా వెళ్లి ఇలా గట్టు తాకేది. తెర కింది అక్షరాలు తళుక్కుమని మాయమయ్యేవి.

"రోజూ ఇక్కడికే వస్తారు, ఇంట్లో ఎవరూ లేరాండీ?" అడిగాడు ఉదయభాస్కర్.

"లేరండి."

ఆఖరిరోజు వాన పడుతోంది. ఆయన పదిసార్లు పంటు నడిపాడు. పదిసార్లూ ఉత్త చేతులతో కూర్చున్నాడు. చివరికి లేచాడు.

"ఇంక కనపడదులెండి."

"కళ్లజోడు మార్పించుకోండి మరి."

ఆయన చిన్నగా నవ్వాడు.

"వెళ్తానండి" అని గొడుగు అందుకున్నాడు.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. పీడా పోయిందనుకున్నాడు ఉదయభాస్కర్. కానీ నాలుగయ్యేసరికి అతని చూపు గుమ్మం మీదకి పోయేది.

మూడు వారాల తర్వాత, పొద్దున క్లాసులో బోర్డు మీద రాస్తూ చెబుతున్నాడు.

"కంప్యూటర్‌ని కాసేపు ఆపాలనుకోండి. ఒకటి నుంచి మూడు వేలదాకా లెక్కపెట్టమనాలి. ఆ లెక్క అయ్యేదాకా ఆగుతుంది."

సుద్దముక్క అక్కడే ఆగిపోయింది.

ఏటా చెప్పే పాఠమే. రాజరత్నం చెప్పింది కూడా అదే.

క్లాసు వదిలేసి మూడో నంబరు ముందు కూర్చున్నాడు. పంటు ప్రోగ్రామ్ తెరిచాడు. ఇన్నాళ్లూ ఆడించడమే తప్ప దాని లోపల ఏముందో ఎప్పుడూ చూడలేదు. నాలుగైదు చోట్ల లెక్కలు కనిపించాయి. ప్రతి అంకెకీ రెండు సున్నాలు చేర్చి ఆట నడిపాడు.

పంటు నెమ్మదిగా కదిలింది. మేటలు దాటింది. ముక్తేశ్వరం రేవుకి చేరింది. జనం ఒక్కొక్కరే దిగారు. అందరికంటే చివర ఆకుపచ్చ చీరలో ఒకావిడ, చేతిలో సంచితో దిగింది. మూడు మెట్లెక్కి, వెనక్కి తిరిగి చూసింది.

తెర కింద అక్షరాలు పడ్డాయి. అతను మొదటిసారి చదివాడు.

"వెళ్లొస్తానండి."

రోజూ ఆ మాటే చెప్పి వెళ్లే మనిషి ఆఖరిరోజు "వెళ్తానండి" అన్నాడని ఉదయభాస్కర్‌కి అప్పుడు గుర్తొచ్చింది. ఆయనది ఏ ఊరో కూడా అడగలేదు. గదినిండా పిల్లలున్నా అక్కడ ఎవరూ లేనట్టు అనిపించింది అతనికి.

ఆ అక్షరాలు ఎక్కడినుంచి వచ్చాయో ప్రోగ్రామ్‌లో వెతికాడు. ఆ వరస పక్కనే, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలున్నాయి:

"ఇది మా ఆవిడ సత్యవాణి ఈ రేవులో నాతో అన్న ఆఖరి మాట, ఆట ఎవరెలా మార్చుకున్నా దీన్ని మాత్రం తొందరగా చెరపకండి – రాజరత్నం."