ఖాళీ గిన్నె

పై ఫ్లాటులో ఉంగరం పోయింది. ఆ పూట అక్కడికి వెళ్ళిన పాపానికి మంగతాయారు బోనెక్కింది. ఉంగరం ఆమే తీసిందనడానికి ఒక్క ఆధారమూ లేదు. అయినా ప్రాసిక్యూటరు, ఇంటింటి వంటగది గోడలోనూ ఉండి అన్నీ చూసి దాచుకునే ఇంటికన్నును అడిగి, ఆమె బతుకులోంచి ఇలాంటివే పాత సంఘటనలు ఏరించి తెరమీద వేయించాడు.

తెరనిండా గిన్నెలు. పక్కింటి పేరిందేవి గుత్తొంకాయ కూర పంపిన గిన్నె, ఎదురింటివాళ్ళ పులిహోర గిన్నె, ఇంకా ఎవరెవరివో. అన్నీ వారాల తరబడి ఆమె అలమరలోనే ఉన్నాయి.

"పరాయి సొత్తు అట్టిపెట్టుకోవడం ఈమెకి అలవాటండి," అన్నాడు ప్రాసిక్యూటరు.

తాయారుకి ఒళ్ళు మండిపోయింది. "ఖాళీ గిన్నె ఎలా తిరిగిస్తామండీ? ఏదైనా వండినప్పుడు అందులో పెట్టి ఇద్దామని ఉంచాను. ఇచ్చాను కూడా. అవి చూపించరేం?"

"ఇవ్వడం నేరం కాదు కదమ్మా. నేరంలాంటివే వెతకమన్నాం," అంటూ జడ్జి ఆ గిన్నెలన్నిటినీ సాక్ష్యంగా తీసుకున్నాడు.

"మీ ఇంట్లో పక్కింటివాళ్ళ గిన్నె ఒక్కటీ లేదా బాబూ?"

"బోనులో ఉన్నది మీరు."

కేసు వాయిదా పడి తాయారు ఇల్లు చేరేసరికి పేరిందేవి గుమ్మంలో నిలబడి ఉంది. "పొద్దుట్నుంచీ ఏం తిన్నావో ఏమో వదినా, పప్పుచారు తెచ్చాను."

తాయారు ఆమెని వంటగదిలోకి తీసుకెళ్ళి, చారు తన గిన్నెలోకి వంపుకుని, పేరిందేవి గిన్నె అప్పటికప్పుడే కడిగి, తుడిచి, ఆమె చేతిలో పెట్టింది.

"అదేంటి వదినా, ఖాళీ గిన్నె ఇస్తావు?" పేరిందేవి మొహం చిన్నబోయింది.

తాయారు తలెత్తి గోడలోని కన్నుకేసి చూసింది.

"తీసుకుపో వదినా. అది చూస్తుండగానే తీసుకుపో."