నలభై అడుగులు

మిషన్ సూది విరిగింది.

కొత్తది తీసుకుందామని తలెత్తిన అక్కకు కిటికీలోంచి మళ్ళీ అతనే కనిపించాడు.

ఎదురుగా బస్‌స్టాపు బెంచీ మీద కూర్చున్నాడు. పక్కన గొడుగు, ఒళ్ళో చిన్న నోటుపుస్తకం. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. ముసలాయన ఏదీ ఎక్కడు.

మూడు వారాలుగా ఇదే వరస.

ఆమె టైలరు. ఇంటి ముందుగదే కొట్టు. చెల్లెలు జైలు ఆసుపత్రిలో నర్సుగా చేసేది. అక్కడ చనిపోయిన ఏడుగురు ఖైదీల కాగితాల మీద డాక్టరు గుండెపోటు అని రాశాడు. చెల్లెలు తన డ్యూటీ పుస్తకంలో ఒంటి మీద కనిపించిన దెబ్బలన్నీ ఒక్కొక్కటే రాసి, ఆ పుస్తకాన్ని కోర్టుకిచ్చింది. ఉద్యోగం పోయింది. ఇప్పుడు ఊరి చివర క్లినిక్కులో పని. వచ్చే నెల జడ్జి ముందు నిలబడి అదంతా నోటితో చెప్పాలి.

ఒకరోజు గేటు కింద నుంచి ఎవరో చెల్లెలి ఫొటో తోసి పోయారు. కళ్ళ దగ్గర సిగరెట్టుతో కాల్చి ఉంది.

కేసు చూస్తున్న లాయరమ్మ అంతర్జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు రాసింది. ఈమె ప్రాణానికి మీదే పూచీ, రోజంతా కాపలా పెట్టండి, నెలకోసారి మాకు జవాబు చెప్పండి అని కమిషన్ ప్రభుత్వానికి ఉత్తర్వు పంపింది.

కాపలా అంటే ఒక కానిస్టేబులు, ఒక రిజిస్టరు.

పొద్దున తొమ్మిదికి వచ్చేవాడు. మంచినీళ్ళు తాగేవాడు. 'నిన్న రోజంతా కాపలా ఉంది' అని అచ్చువేసిన గడిలో అక్క చేత సంతకం పెట్టించుకునేవాడు.

"వీధి మలుపులోనే ఉంటానక్కా. నీ సంతకం లేకపోతే నా ఉద్యోగం ఊడుతుంది."

అక్కా అని నోరారా పిలిచేవాడు. ఆమె పెట్టేది. ఒకసారి అతని యూనిఫాం గుండీ ఊడితే కుట్టి కూడా ఇచ్చింది. మలుపులో అతన్ని ఎన్నడూ చూసింది లేదు. ఉన్నాడో లేడో చూడ్డానికి వెళ్ళిందీ లేదు.

ఆమె కళ్ళన్నీ గొడుగాయన మీదే.

"నీకోసమేనేమోనే అక్కా," అని చెల్లెలు నవ్వింది. "ఎండనకా వాననకా కూర్చుంటున్నాడంటే గట్టివాడే. నన్ను మాట్లాడమంటావా?"

"నీ తలకాయ. ప్రాణం మీదికొస్తే నీకు వేళాకోళంగా ఉంది."

ఆ సాయంత్రం చెల్లెలు బస్సు దిగేసరికి అక్క కిటికీ దగ్గరే ఉంది. బస్‌స్టాపు నుంచి గేటుకు నలభై అడుగులు. గొడుగాయన లేచి, పది అడుగుల ఎడంగా చెల్లెలి వెనకే నడిచాడు. ఆమె లోపలికి రాగానే ఆగాడు. గడియారం చూసి ఏదో రాసుకున్నాడు.

అక్కకు ఒళ్ళు మండింది.

మర్నాడు కానిస్టేబులుకు చెప్పింది. అతను నీళ్ళ గ్లాసు సగంలో దించేశాడు.

"నోటుపుస్తకమా? రోజూ రాస్తున్నాడా?"

పది నిమిషాల్లో జీపు వచ్చింది. రెక్క పట్టుకుని ఎక్కిస్తుంటే ముసలాయన పెనుగులాడలేదు. జీపు కదిలేటప్పుడు ఈ కిటికీ వైపు చూసి, వేలితో గేటు చూపించాడు. అది బెదిరింపనుకుని ఆమె పరుగున వెళ్ళింది. గేటుకు గడియ పెట్టి లేదు.

"ఇక నీకే దిగులూ లేదక్కా," అని కానిస్టేబులు రిజిస్టరు ముందుకు తోశాడు.

మూడో సాయంత్రం చెల్లెలు బస్సు దిగింది. అక్క కత్తెర పక్కన పెట్టి కిటికీ దగ్గరికి వచ్చేసరికి బస్సు వెళ్ళిపోయింది, దాని వెనక నిలిచిన కారూ వెళ్ళిపోయింది. నడి వీధిలో చెల్లెలి టిఫిన్ డబ్బా దొర్లుతోంది.

మర్నాడు సరిగ్గా తొమ్మిదికి కానిస్టేబులు వచ్చాడు.

"నిన్నటిది ఒక్కటి పెట్టెయ్యక్కా. పైనుంచి అడుగుతున్నారు."

ఆమె రిజిస్టరు లాక్కుంది. పేజీలు తిప్పింది. అన్నీ తన సంతకాలే, ఒక్కటీ వంకర పోలేదు.

"ఇటివ్వు. అది సర్కారు సొత్తు."

"నా చెల్లెలు ఎవడి సొత్తురా?"

ఆమె చేతికి కత్తెర అందింది. అతను మెట్లు దిగాడు.

మధ్యాహ్నం లాయరమ్మ ఈమెయిల్లో వచ్చిన కమిషన్ ఉత్తరం తెచ్చింది. కాపలాకు లోటు లేదని ప్రభుత్వం జవాబిచ్చిందట. రుజువుగా అక్క సంతకాలు జతపరిచిందట. కానీ వేరొకరు రోజూ ఫోనులో ఫొటో తీసి పంపే కాగితాల్లో సంగతి మరోలా ఉందని, అవి మూడు రోజులుగా ఎందుకు ఆగాయని కమిషన్ అడుగుతోంది. ఆ కాగితాల నకళ్ళు కింద ఉన్నాయి.

'9.00 కానిస్టేబులు వచ్చాడు. 9.06 వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. సాయంత్రం 5.40 అమ్మాయి బస్సు దిగింది. 5.41 ఇంట్లోకి వెళ్ళింది.'

ప్రతి పేజీ అంతే. ఆఖరి పేజీలో ఒక వాక్యం ఎక్కువుంది.

'వాళ్ళక్క నన్ను అనుమానంగా చూస్తోంది. మంచిదే, జాగ్రత్తగా ఉంది.'

అక్క కిటికీలోంచి ఖాళీ బెంచీ వైపు చూసింది.

"ఆయన ఎక్కడున్నాడు మేడమ్?"

"అలాంటి మనిషిని మేం తీసుకురాలేదు అంటున్నారు స్టేషన్‌లో."

"మాకొక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది కదా."

"చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్నాడమ్మా. చనిపోయినవాళ్ళ తాలూకు మనుషులు నీకు తెలుసా అని కోర్టులో మీ చెల్లెల్ని అడుగుతారు. తెలుసంటే, అంతా కూడబలుక్కున్నారని సాక్ష్యం కొట్టేస్తారు. తెలియదు అనే మాట మీ చెల్లెలి నోట నిజంగానే రావాలన్నాడు."

"ఎవరి తాలూకు?"

లాయరమ్మ సంచిలోంచి డ్యూటీ పుస్తకం నకలు తీసి, చెల్లెలి చేతిరాతలో ఉన్న మొదటి పేరు మీద వేలు పెట్టింది.

వయసు ఇరవై రెండు, విరిగిన పక్కటెముకలు నాలుగు అని రాసి ఉన్న ఆ అబ్బాయికి గొడుగాయన తండ్రి.