ఈసారి వంతు ఎవరిది?

"పోయినసారి నేనే పొడిపించుకున్నాను. ఈసారి మీ తమ్ముడి వంతు!" భార్యతో తెగేసి చెప్పాడు నాన్న.

మామయ్య అప్పటికే స్నానాలగదిలో దూరి గడియ పెట్టుకున్నాడు.

కీళ్లజ్వరం వచ్చి పిల్ల గుండె కవాటం దెబ్బతింది. మూడు వారాలకోసారి వేయించాల్సిన ఇంజెక్షన్ తప్పితే గుండె ఇంకా పాడవుతుంది. తనతోపాటు ఇంట్లో ఒకరు పొడిపించుకుంటేనే వస్తానని పిల్ల పేచీ. చేసేదిలేక నర్సు పెద్దవాళ్లకు బలానికని ఓ సూది వేస్తోంది.

"అంతకుముందుసారి పొడిచిన తుంటి నాకింకా సలుపుతోందే తల్లీ!" నానమ్మ మంచమెక్కేసింది.

అమ్మ తలుపు బాదింది. "ఒరేయ్, బయటికి రా!"

"నాకు కళ్లు తిరుగుతున్నాయక్కా!"

పిల్ల అందరినీ వింతగా చూసింది. తర్వాత చెప్పులు వేసుకుంది.

"పెద్దయితే భయం పోతుందన్నారుగా, అప్పటిదాకా ఆగుదామనుకున్నా. ఇక ఆగి లాభం లేదు. పదమ్మా, ఇవాళ సూది నాకొక్కదానికే."