మోతాదు క్లాసు తాళం

"నన్ను అడిగావా?"

మాస్టారి కేకకు అద్దాల గది బయట కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. ఎదురుగా కొత్తమ్మాయి తలదించుకుని నిలబడింది. చేరి మూడేళ్లయినా ఆయన నోట ఇంకా కొత్తమ్మాయే.

ఆసుపత్రుల్లో సెలైన్ ఎక్కించే యంత్రాలకు ప్రోగ్రాములు రాసే ఆఫీసు అది. అందులో మందు మోతాదు లెక్కగట్టే ప్రోగ్రాము ముక్క, వాళ్ల భాషలో క్లాసు, అందరూ మాస్టారని పిలిచే ఈ పెద్ద ప్రోగ్రామరు రాసింది. దాని లెక్కలన్నీ వారసత్వంగా తీసుకుని, దాని మీదే పసిపిల్లల యంత్రానికి ఈ పిల్ల ఇంకో క్లాసు రాసింది. మొన్న మాస్టారు తన క్లాసు లోపల లెక్క కాస్త మార్చారు. దాంతో ఈమె క్లాసులో బిడ్డ బరువు రెండుసార్లు లెక్కకొచ్చి, ఒక పసికందుకు మందు ఎక్కువైంది. నర్సు కనిపెట్టబట్టి గండం గడిచింది గానీ, ఆ కబురు విన్నప్పటి నుంచి మాస్టారికి ముద్ద దిగడం లేదు.

"దీనికో వారసురాలుందని తెలిస్తే ఆ లెక్క ముట్టుకునేవాడినా? ఎవరూ వారసత్వం తీసుకోకుండా క్లాసు పుట్టుకతోనే మూసి ఉండాలని అందుకేగా నెత్తీనోరూ కొట్టుకున్నాను! కావలసినవాళ్లు అడిగి తెరిపించుకోవాలి. వాకిలి బార్లా తీసిపెడితే దారిన పోయేవాళ్లంతా దూరరూ?"

"అన్నీ మూసేస్తే పని సాగదని వాదించింది నువ్వేగా అమ్మా," అన్నాడు పక్కనే కూర్చున్న మేనేజరు. "తాళం తీయడానికి మాస్టారి చేత చీటీ రాయించుకున్నావా?"

ఆమె మాస్టారి వైపు చూసింది. ఆయన బల్ల మీద కళ్లజోడు కోసం తడుముకుంటున్నారు. పక్కన చల్లారిపోయిన టీ కప్పులు మూడు.

"లేదు సార్. అడక్కుండా నేనే తీశాను."

"అయితే ఉద్యోగం..."

"తెలుసు సార్. ఒక్క మాట. ఇకమీదట మాస్టారు ఏం మార్చినా, ఇంకొకరు చూశాకే యంత్రాల్లోకి పంపండి."

మాస్టారు భగ్గుమన్నారు. "విన్నారా? దొంగే దొంగా దొంగా అని అరిచినట్టుంది!"

ఆమె సంచీ భుజాన వేసుకుని, గుమ్మం దగ్గర ఆగింది.

"కళ్లజోడు మీ నుదుటి మీదే ఉంది మాస్టారూ."

ఆమె వెళ్లిపోయాక కూడా ఆయన కోపం చల్లారలేదు. ఇంకెవరికీ అనుమతులు లేవని రాసి గోడకు అంటిద్దామని సొరుగు తెరిచారు. దాని తాళంచెవి ఆయన దగ్గర తప్ప ఎవరి దగ్గరా ఉండదు. తాను రాసిచ్చిన అనుమతి చీటీల కట్టలో అన్నిటికన్నా పైన ఒకటి కనిపించింది: మోతాదు క్లాసు, పసిపిల్లల యంత్రం కోసం, తెరవవచ్చు.

ఆయన కళ్లజోడు దించుకున్నారు.

కింద సంతకం ఆయనదే.