ఎర్రదారం

"మడమ అరిగిపోయింది మేస్త్రిగారూ. కాస్త చూస్తారా?"

సున్నం మరకల చొక్కా మనిషి ఒక జత బూట్లు బల్లమీద పెట్టాడు.

బూట్ల మేస్త్రి చెయ్యి సుత్తిమీదే ఆగిపోయింది.

ఎడమ బూటుకి చివరి నాలుగు కుట్లు ఎర్రదారంతో ఉన్నాయి.

ఆ జత తను కుట్టిందే. కొడుక్కి ఉద్యోగం వచ్చిన వారంలో కుట్టాడు. నల్లదారం అయిపోతే చేతికందిన ఎర్రదారంతో ముగించాడు. విప్పి మళ్ళీ కుడతానంటే కొడుకు ఒప్పుకోలేదు. "ఉండనీ నాన్నా, ఎక్కడ తప్పిపోయినా గుర్తుపట్టొచ్చు" అని నవ్వాడు.

పోయినేడు వంతెన దగ్గర ఆ కొడుకుని లారీ గుద్దింది. మేస్త్రి ఆసుపత్రికి వెళ్ళేసరికి అంతా అయిపోయింది. ఎవరో తెచ్చారన్నారు. ఎవరని అతను అడగలేదు. కొడుకు ఉత్తకాళ్ళే కనబడ్డాయి అతనికి.

చస్తున్నవాడి కాళ్ళనుంచి బూట్లు లాక్కున్నవాడు ఒక్కసారి చేతికి దొరకాలి. ఆ రోజునుంచీ అదే కోరిక. ఆదివారం చర్చిలో అందరితోపాటు ప్రార్థన చెప్పేవాడు, క్షమించే మాట దగ్గరికి రాగానే నోరు మూసుకునేవాడు. ఆ సంగతి పక్కనుండే భార్యకొక్కదానికే తెలుసు.

"ఈ బూట్ల గురించి మీకో మాట చెప్పాలండీ" అన్నాడు సున్నం మనిషి. గోడమీది కొడుకు ఫొటో చూశాడు. మాట ఆపి తల దించుకున్నాడు.

తేలు కుట్టిన దొంగలా ఎలా నిలబడ్డాడో చూడు, అనుకున్నాడు మేస్త్రి.

"మాటలెందుకు? సాయంత్రం రా."

అతను వెళ్ళాక వెనకగదిలో తోలు కత్తిరిస్తున్న భార్య బయటికొచ్చింది. బూట్లు ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది.

"ఎక్కడివని అడిగారా?"

"అడిగేదేంటి? వాడి మొహమే చెబుతోంది."

"ఏదో చెప్పబోయాడుగా. వినకుండానే తీర్పు చెప్పేస్తే ఎలాగండీ?"

"బూట్లు తీసుకోనా అని వాడు నా కొడుకుని అడిగాడా?"

ఆమె బూట్లు బల్లమీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

మేస్త్రి ఎడమ బూటు మడమ ఊడదీశాడు. కొత్త అట్ట వేశాడు. దాని నడుమ కిందినుంచి ఒక మేకు కొట్టాడు, మొన లోపలి తోలుకి వెంట్రుకవాసి కిందుగా ఉండేలా. ముప్పయ్యేళ్ళ పనితనమంతా ఆ మేకులో పెట్టాడు. వంద అడుగులు వేస్తే మొన పైకి లేస్తుంది. వాడు నడివీధిలో కూలబడాలి. కుంటుకుంటూ ఇక్కడికే రావాలి. అప్పుడు నలుగురి ముందూ అడగాలి, ఆ బూట్లెవరివిరా అని.

సాయంత్రం సున్నం మనిషి వచ్చి బూట్లు తొడుక్కున్నాడు.

"బావున్నాయండీ. పొద్దున చెప్పబోయిన మాట..."

"నాకు పనుంది. వెళ్ళు."

అతను మెట్లు దిగాడు. మేస్త్రి ఆత్రంగా తల బయటపెట్టి చూశాడు. మలుపు తిరిగేదాకా చక్కగా నడిచి వెళ్ళిపోయాడు.

మర్నాడు భుజాన నిచ్చెనతో కొట్టుముందునుంచి వెళుతూ చెయ్యెత్తాడు. మేస్త్రి మొహం తిప్పుకున్నాడు.

మూడోరోజూ అంతే, నాలుగోరోజూ అంతే. కుంటడం లేదు. మొహమైనా చిట్లించడం లేదు.

వీడి దుంపతెగ, వీడిది కాలా ఇనప దిమ్మా, అని పళ్ళు నూరాడు మేస్త్రి. తన చేతిపని మీద తనకే అనుమానం వచ్చింది.

ఎనిమిదో రోజునుంచి సున్నం మనిషి కనబడలేదు.

ఆదివారం పాస్టరుగారు ప్రార్థన చీటీలు చదివారు. "మన చర్చి గోడలకు సున్నం వేసిన సోదరుడు ఆసుపత్రిలో ఉన్నాడు. కాలు కుళ్ళిందట. నా అనేవాళ్ళెవరూ లేరు."

భార్య అతనివైపు చూసింది. మేస్త్రికి సగం కసి తీరింది. మిగతా సగం తీర్చుకోడానికి నేరుగా ఆసుపత్రికి నడిచాడు.

మంచం ఖాళీగా ఉంది. నర్సు దుప్పటి తీసేస్తోంది.

"పొద్దున్నే పోయాడండీ. మీరేమవుతారు?"

"ఏమీ కాను. బూట్లు బాగుచేసేవాణ్ణి."

"ఆ బూటులోనే మేకు లేచింది. వారం రోజులు దానిమీదే నడిచాడు పాపం. షుగరు జబ్బు, పాదాలకు స్పర్శ లేదు. తెగినా కాలినా తెలీదు. లోపల తడి కనబడినా సున్నం నీళ్ళనుకున్నాట్ట. తెచ్చేసరికే విషం ఒళ్ళంతా పాకేసింది."

మేస్త్రి మంచం ఊచ పట్టుకున్నాడు. అడగాలని ఏడాదిగా దాచుకున్న మాట ఇంకా నాలుకమీదే ఉంది.

"ఆ బూట్లు అతనివి కావు" అన్నాడు.

"తెలుసండీ. పోయినేడు లారీ గుద్దిన కుర్రాణ్ణి వీపున వేసుకుని వంతెన దగ్గర్నుంచి ఇక్కడిదాకా పరుగెత్తుకొచ్చింది ఇతనే. చెప్పులు అక్కడే తెగిపోయాయి. రోడ్డంతా పగిలిన అద్దాలు. గుచ్చుకుంటున్నట్టు ఇతనికి తెలిస్తేగా? ఇక్కడికొచ్చాక నేనే కట్టు కట్టాను. నెలలు పట్టింది మానడానికి. ఆ కుర్రాడి నాన్నని వెతికి ఒక మాట చెప్పాలని తపించేవాడు. చెప్పాడో లేదో."

"ఏం మాట?"

నర్సు మంచం కిందనుంచి బూట్లు తీసి అతని చేతుల్లో పెట్టింది.

"వీపుమీది కుర్రాడే నెత్తురు చూసి, సగం దారిలో ఆపించి, తన బూట్లు వేయించాడట. 'వేసుకో అన్నా, మా నాన్న కుట్టినవి, ఎవర్నీ కరవవు' అన్నాడట."