తోసుకొస్తే చెల్లదు

“అంకుల్, ఇంకెంతసేపు? సాయంత్రానికి యార్డు గేటు మూసేస్తారు!”

మెకానిక్ బానెట్ కింద నడుం దాకా దూరిపోయి ఉన్నాడు. లైబ్రరీ మేడమ్ కూతురు గ్యారేజీ ముందు కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. పాత కారు ఇచ్చేసి, పెట్రోలు తక్కువ తాగే కొత్త కారు కొనుక్కునేవాళ్ళకు ప్రభుత్వం భారీ రాయితీ ఇస్తోంది. ఇవాళే ఆఖరు రోజు. షరతు ఒక్కటే. పాత బండి తన ఇంజన్ మీద తాను నడిచి, పాత బళ్ళు తీసుకునే యార్డులోకి రావాలి. తోసుకొచ్చినా, తాడు కట్టి లాక్కొచ్చినా చెల్లదు.

ఆ పాత బండేమో పొద్దున్నుంచి కనీసం మూలగడం కూడా లేదు. ఆటోకి తాడు కట్టి గ్యారేజీ దాకా ఈడ్చుకొచ్చారు.

“మొన్న శనివారమేగా మీరు బాగుచేసింది?” కూతురు నిలదీసింది.

“చేశానమ్మా. గుర్రంలా పరిగెత్తింది.” మెకానిక్ తల బయటపెట్టాడు. “ఈ బండి నా పరువు తియ్యడానికే పుట్టింది.”

ఆ మాటలో అబద్ధం లేదు. ఎంత మొండి బండైనా అతని చేయి పడితే దారికొచ్చేది. ఇదొక్కటే లొంగలేదు. శనివారం వచ్చిందంటే ఏదో ఒక రోగంతో దిగేది. ఒకసారి హారన్ మోగదు, ఒకసారి లైటు వెలగదు, మరోసారి పైపు వదులై నీళ్ళు కారతాయి. చూస్తే చిటికెలో అయిపోయే పనే. ఆ తర్వాత మేడమ్ టీ తాగేది, చదవమని ఒక పుస్తకం ఇచ్చేది, పోయినవారం ఇచ్చిన పుస్తకం గురించి అడిగేది. ఆవిడ భర్త పోయి చాలా ఏళ్ళయింది. మెకానిక్‌కి అసలు పెళ్ళి యోగమే పట్టలేదు.

“అన్నా, నువ్వే ఏదో లొసుగు ఉంచి పంపిస్తున్నావు కదూ? నిజం చెప్పు,” అని పక్కనున్న పంక్చర్ షాపతను ఏడిపించేవాడు. మెకానిక్‌కి ఒళ్ళు మండేది. అలాంటి కక్కుర్తి తనకు లేదని స్పానర్ మీద ఒట్టేసి చెప్పేవాడు. కాకపోతే శనివారం పూట మాత్రం ఉతికిన చొక్కా వేసుకునేవాడు. అది వేరే సంగతి.

మేడమ్ స్టూలు మీద కూర్చుని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని చూస్తోంది.

“పోనీ వదిలేయండి. దీని రాత ఇంతే. మీరు భోజనం కూడా చెయ్యలేదు,” అంది.

“నువ్వూరుకోమ్మా! ఇంత రాయితీ మళ్ళీ జన్మలో రాదు,” అని కూతురు కసిరింది.

“రాకపోతే పోయె. నాకీ డొక్కు చాలు.”

మెకానిక్ మనసు చివుక్కుమంది. అంటే తన చేతి మీద నమ్మకం పోయిందన్నమాట! మరుక్షణమే ఇంకో పాడు ఆలోచన తోసుకొచ్చింది. బండి కదలకపోతేనేం? గడువు దాటిపోతుంది. శనివారానికి డొక్కు మళ్ళీ వస్తుంది, మేడమూ వస్తుంది. కొత్త కారొస్తే కంపెనీవాళ్ళే చూసుకుంటారు, ఆవిడ ఈ సందు మొహం ఇంకెందుకు చూస్తుంది? ఆవిడ రాకపోతే తనేమైపోతాడు? స్పానర్ చేతిలోనే ఆగిపోయింది.

ఛీ, నమ్మి వచ్చిన మనిషికి పని చెడగొడతానా అని తనను తానే తిట్టుకుని మళ్ళీ బానెట్ కింద దూరాడు.

“దొరికింది! ఇక్కడ ఫ్యూజే లేదు!”

కొత్త ఫ్యూజు పెట్టి తాళం తిప్పాడు. ఉలుకూ పలుకూ లేదు.

“ఇదిగో, ఈ వైరూ ఊడింది!”

బిగించాడు. ఇంజన్ ఒక్కసారి దగ్గి ఊరుకుంది. కూతురు చప్పట్లు కొట్టింది. పంక్చర్ షాపతను ట్యూబు చేతిలో పట్టుకునే పరిగెత్తుకొచ్చాడు.

“పెట్రోలు పైపు చూడన్నా!”

చూస్తే నిజంగానే అదీ వదులే. “ఒకేసారి ఇన్ని రోగాలేంట్రా దీనికి!” అంటూ బిగించి, చెమట తుడుచుకుని తాళం తిప్పాడు.

బండి గయ్యిమని లేచింది!

“అంకుల్, మీరు దేవుడు!” కూతురు ఎగిరి గంతేసింది. “ఎక్కమ్మా, ఎక్కు! ఇంజన్ ఆపొద్దు!”

మేడమ్ ముఖం వాడిపోయింది. పాత బండి మీద మమకారం కాబోలనుకున్నాడు మెకానిక్. “మీ చేతిలో ఏదో మహత్తుంది,” అని నీరసంగా అని ఆవిడ కారెక్కింది. బండి హారన్ మోగించుకుంటూ సందు దాటింది. పంక్చర్ షాపతను ఈల వేశాడు. మెకానిక్‌కి గెలిచిన సంబరం బండి సందు దాటేదాకా కూడా నిలవలేదు.

ఆ వారంలోనే మేడమ్ ఇంటికి కొత్త కారొచ్చిందని కబురు తెలిసింది. శనివారం మెకానిక్‌కి దేనిమీదా చేయి ఆడలేదు. అంతలో సందు మొదట్లో కేకలు వినిపించాయి. తాడు కట్టిన ఆటో ముందు, దాని వెనకాల తళతళలాడే కొత్త కారు, స్టీరింగు దగ్గర మేడమ్!

“స్టార్టవడం లేదండీ,” అంది దిగుతూ.

మెకానిక్ గబగబా చేతులు తుడుచుకున్నాడు. “కంపెనీవాళ్ళకు ఫోన్ చెయ్యలేదా? వారంటీ ఉంటుందిగా, ఊరికే చేస్తారు.”

“వాళ్ళెందుకూ? మీరు చూడండి.”

బానెట్ ఎత్తాడు. బ్యాటరీ వైరు ఊడి వేలాడుతోంది.

“కొత్త బండికి ఇది ఊడటమేంటి? ఎవరో పనిగట్టుకుని పీకారు మేడమ్!” అన్నాడు ఆవేశంగా.

మేడమ్ ఎర్రగా కందిన అరచేతిని రుద్దుకుంటూ నేలచూపులు చూసింది.

“పాతదానికైతే ఇట్టే ఊడొచ్చేవి.”