నామం చెక్కిన ఇంజను

లారీ బానెట్ ఎత్తి లోపలికి వంగిన మెకానిక్ కాశన్న చటుక్కున ఆగిపోయాడు. ఇంజను పక్కన, మసి కింద, ఉలితో చెక్కిన నిలువు నామం. పోయిన దసరాకు డ్రైవరు బొజ్జన్న బతిమాలితే అది చెక్కింది తనే. ఆ తర్వాత కొన్నాళ్ళకే బొజ్జన్న లారీతో సహా మాయమైపోయాడు. నల్లమల ఘాట్లో చంపేశారని కర్నూలంతా గుసగుసలు. ఇప్పుడు ఆ ఇంజను వేరే లారీలో ఉంది.

"ఎవరిదప్పా ఈ ఇంజను? గుర్తుపట్టినావా?" అన్నాడు లారీ తోలించుకొచ్చిన కొత్త మనిషి. ఆ లారీ డ్రైవరును టీకి పంపించి, షెడ్డు తలుపు దగ్గరికి వేసి మరీ అడుగుతున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కుడిచెయ్యి కప్పుకున్న కంబళి కింద నుంచి బయటికి రావడం లేదు.

వీడు ఆ చంపినవాళ్ళ మనిషే, గుర్తుపట్టినవాణ్ణి వదలడు అనుకున్నాడు కాశన్న.

"తెలీదన్నా. మిలిటరీ వాళ్ళు అమ్మేసిన పాత ఇంజను. ఇట్లాంటివి శానా ఉండాయి."

"ఆ నామం?"

"అందరూ చెక్కిచ్చుకుంటారు."

"బొజ్జన్నది కాదు గదా? అహోబిలం సామి మీద ఒట్టేసి చెప్పు."

బొజ్జన్న పేరు వినగానే కాశన్న మూసిన తలుపు వైపు చూశాడు.

"ఒట్టు. కాదు."

ఆ మనిషి చక్రం పక్కన కూలబడ్డాడు. కంబళి కింది చెయ్యి బయటికొచ్చింది. కత్తీ లేదు, ఏమీ లేదు, వట్టి చెయ్యి. రెండు చేతులూ ఎత్తి కాశన్నకు మొక్కాడు.

"బొజ్జన్న నా కొడుకప్పా. ఈ లారీలో వాని ఇంజనుందని ఎవరో అంటే, కొంటానని ఓనరుకు అబద్ధం చెప్పి నీ కాడికి తోలించుకొచ్చినా. వాని ఇంజను పని నువ్వే చేస్తాంటివంట గదా. నువ్వే కాదంటే ఇంగేం? యాడో బతికే ఉండాడు. వాళ్ళమ్మ అన్నం ముట్టక పడుండాది. పోయి చెప్తా, ఈ పూటన్నా తింటాది."